వాళ్ళ వంతు

మా వంతు, సోమవారం

కొమ్మల్ని పేళ్ళుగా నరికే మా చిప్పరు లంకకి తిరిగొచ్చింది. దానితోపాటు మా ఆయన దొరబాబూ వచ్చాడు. రెల్లులంకలో వారం ఉండొచ్చేసరికి మిషనూ మనిషీ ఇద్దరూ తేటపడి వస్తారు. నాకు కడుపుమంట అక్కడే మొదలవుతుంది.

రేవులో పంటు మీంచి దించాక తాడు ఒకసారి లాగాను. వెంటనే అందుకుంది. నేను పంపినప్పుడు దగ్గి దగ్గి గాని లేచేది కాదు. కత్తుల చక్రం తిరుగుతుంటే, కొమ్మలు వేసే గరాటు మీద చెయ్యి పెట్టి చూశాను. పళ్ళు కదిలిపోయేలా ఉండే ఆ పాత అదురు లేదు.

"సువార్తమ్మగారు కత్తులు రెండూ తూకం చూశారండి," అన్నాడు పంటు నడిపే బుల్లియ్య. "ఒకటి రవ్వంత బరువుందంట. ఆకురాయితో రాసి సమానం చేసి బిగించారు. ఆవిడ చెయ్యి పడితే మిషనుకి ప్రాణం వస్తదండి."

ఆ కత్తులు విప్పి ఎన్నిసార్లు సానపట్టానో నాకే తెలీదు. తూకం వెయ్యాలన్న ఊహ ఒక్కసారి కూడా రాలేదు. బుల్లియ్య మీద విసుక్కుని పంపేశాను.

మధ్యాహ్నం నుంచి సర్కారుతుమ్మ కొమ్మలు వేశాం. సముద్రం గోదాట్లోకి ఎక్కొచ్చాక ఈ లంకల్లో ఏ బావి నీళ్ళూ నోట పెట్టుకోలేం. ఉప్పునీళ్ళు కాచి ఆవిరి పట్టే బట్టీ ఒక్కటే దిక్కు. ఆ బట్టీ పొయ్యికి గొంతు సన్నం. చిప్పరు నమిలి ఉమ్మిన పేళ్ళయితేనే సాఫీగా మింగుతుంది. దుంగలు కుక్కితే మంట ఒకసారి ఎగిసి ఒకసారి చస్తుంది, గొట్టాలు పగులుతాయి. పేళ్ళు ఆగితే నీళ్ళు ఆగినట్టే. సూర్యుడి తుపానుకి కరెంటు సామాన్లన్నీ చచ్చాయి గాని, తాడుతో లాగే ఈ పాత పెట్రోలు ఇంజను మాత్రం బతికింది.

రెల్లులంక వాళ్ళకీ ఒక చిప్పరుండేది. పోయిన వానల్లో దాని చక్రం పగిలిపోయింది. అప్పటినుంచి మాదాన్నే వారం మేము, వారం వాళ్ళు వాడుకుంటున్నాం. కొమ్మలందించడానికి అలవాటైన మనిషి కావాలి కాబట్టి మిషనుతోపాటు దొరబాబూ వెళ్తాడు. నేను బట్టీ వదిలి కదలకూడదు. అందుకని అక్కడ మిషను చూసుకునే ఆ సువార్తని ఇప్పటిదాకా కళ్ళతో చూడలేదు. పేరు వినడం మాత్రం నాకు వారం వారం తప్పదు.

సాయంత్రం అన్నం వడ్డిస్తూ అడిగాను, "అక్కడెలా జరిగింది మావా?"

"ఊఁ," అన్నాడు.

మా వంతు, బుధవారం

గాలి ఫిల్టరు సబ్బునీళ్ళలో పిండి ఆరేశాను. కార్బొరేటర్ గిన్నె విప్పితే అడుగున ఆకుపచ్చ జిగురు, పాకంలా. నాచు నుంచి తీసి ఎగువ నుంచి పడవలో పంపే ఈ పెట్రోలుతో ఇదే బాధ. రెండు రోజులు కదలకుండా ఉంటే పేరుకుంటుంది. జెట్టు కన్నంలోకి గుర్రపు వెంట్రుక దూర్చి శుభ్రం చేశాను. ఇనప తీగ దూరిస్తే కన్నం పెద్దదైపోయి ఇంజను పెట్రోలు తాగేస్తుంది. స్పార్క్ ప్లగ్గు తీసి చూస్తే కొస గోధుమరంగులో ఉంది. అంటే మంట సరిగ్గా ఉన్నట్టు. నా దగ్గరున్నప్పుడు అది ఎప్పుడూ నల్లగా, మసిపట్టి ఉండేది.

సువార్త ఏం చేసిందో తెలుసుకోవాలని కార్బొరేటర్ మర ఎంత దూరం తిప్పి ఉందో లెక్కచూశాను. నేను తిప్పేదానికంటే తక్కువ. అంత తక్కువ పెట్రోలుతో నడపడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఆవిడకుంది.

పని నడుస్తుండగా కొమ్మ అడ్డంగా పడింది. నా చెవుల్లో మైనం ఉండలు ఉన్నాయి. ఇంజను పక్కనే నిలబడేదాన్ని కాబట్టి నేను పెట్టుకుంటాను. మా లంకలో తేనెపెట్టెలున్నాయి, మైనానికి లోటు లేదు. కొమ్మలందించే మనిషి మాత్రం పెట్టుకోకూడదు. నా కేక వినపడాలి గనక. ఆ రూలు నేనే పెట్టాను. వినపడని మనిషిని గరాటు దగ్గరికి రానివ్వను.

"ఆపు మావా," అని కేకేశాను. తిరగలేదు. మళ్ళీ అరిచాను. అప్పుడూ తిరగలేదు. చేతిలో కర్ర పుల్ల విసిరితే భుజానికి తగిలి తిరిగాడు. ముఖం ఎర్రబడింది.

నా గొంతంటేనే విసుగు పుట్టినట్టుంది. అక్కడ ఆవిడ పిలిస్తే కూడా ఇలాగే నిలబడతాడా?

ఇంకోటి. గట్టు మీద కూర్చున్నప్పుడు ఈమధ్య వేళ్ళు ఆడిస్తున్నాడు. ఏదో పాటకి దరువేస్తున్నట్టు మోకాలి మీద ముడుస్తాడు, చాపుతాడు, తనలో తనే నవ్వుకుంటాడు. ఈ అలవాటు అక్కణ్ణుంచి తెచ్చుకున్నాడు. నన్ను చూడగానే చెయ్యి కిందకి దించేశాడు.

మా వంతు, శుక్రవారం

ఇవాళ ఉండబట్టలేక అడిగేశాను. చేపల పులుసు వండాను. తల వంచుకుని తింటున్నాడు.

"ఆవిడ అందంగా ఉంటదా?" అన్నాను.

"బాగుంది," అన్నాడు తల ఎత్తకుండా.

"అంత బాగుంటదా?"

"చాలా బాగుంది, పల్లాలూ. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు."

కంచం ముందు నుంచి లేచొచ్చేశాను. నా ముఖం మీద ఆ మాట ఎలా అనగలిగాడు? వెనకే వచ్చి, ఏమైందని చేత్తో అడిగాడు. నేను గోదారి వైపు తిరిగి కూర్చుని, నా కడుపులో ఉన్నదంతా ఒక్కటి మిగల్చకుండా చెప్పేశాను. ఇన్నాళ్ళ కాపురం చెప్పాను, నా కష్టం చెప్పాను. తిరిగి చూస్తే నా వెనకాల నిలబడి ఉన్నాడు. జాలిగా, ఏమీ ఎరగనట్టు చూస్తున్నాడు.

మా వంతు, ఆదివారం

రేపు మిషను పంపాలి. ఈసారి నా పని చూసి ఆవిడ నోరెళ్ళబెట్టాలని పొద్దున్నే మొదలుపెట్టాను. కత్తులు విప్పి మళ్ళీ సాన పట్టాను. తిరిగే కత్తికీ, కదలకుండా ఉండే దిమ్మకత్తికీ మధ్య పేకముక్క మందం ఎడం ఉండాలి. ఎడం ఎక్కువైతే కొమ్మ తెగదు, నలుగుతుంది. చూసి చూసి బిగించాను. బెల్టు బిగువు చూశాను. కార్బొరేటర్ మర నాకు నచ్చినట్టు తిప్పాను.

తాడు లాగితే లేచింది గాని గుడగుడమంటోంది. మర కాస్త ఇటు తిప్పాను, కాస్త అటు తిప్పాను. కుదరలేదు. దొరబాబు చూసి చూసి వచ్చాడు. నన్ను పక్కకి జరిపాడు. ఒక అరచెయ్యి ఇంజను మీద ఆనించి, కళ్ళు మూసుకుని, రెండో చేత్తో మరని గోరంత తిప్పాడు. ఇంజను గొంతు సర్దుకుని పాడింది.

మర ఎక్కడుందో చూశాను. సువార్త పెట్టినచోటే ఉంది.

"ఎవరు నేర్పారు?" అన్నాను. ఇంజను ఆగి ఉంది, నా మాట వినపడకపోయే ప్రశ్నే లేదు. పలక్కుండా పేళ్ళ బస్తా భుజానికెత్తుకుని బట్టీ వైపు వెళ్ళిపోయాడు.

అప్పుడు చేశాను ఆ పని.

పెట్రోలు ట్యాంకు మూతలో సూదిబెజ్జమంత గాలి కన్నం ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. కన్నం మూసుకుపోతే ఇంజను కాసేపు బాగానే నడిచి, గొంతెండినట్టయి ఆగిపోతుంది. కాసేపాగితే మళ్ళీ లేస్తుంది, మళ్ళీ ఆగుతుంది. ప్లగ్గు మారుస్తారు, జెట్టు ఊదుతారు, పెట్రోలు ఒంపేసి కొత్తది పోస్తారు. మూత వైపు ఎవరూ చూడరు. నాకొకసారి దుమ్ము పట్టి ఇలాగే అయితే కనిపెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

చెవిలోంచి మైనం తీశాను. గోటితో కొంచెం గిల్లి, మూత లోపలివైపు నుంచి కన్నంలోకి అదిమాను. పైన దుమ్ము రాశాను.

ఆవిడ ఎంత తిప్పలుపడ్డా లేవకూడదు. నన్ను పిలవాలి. నేను వెళ్ళి, అందరి ముందూ, దొరబాబు ముందూ, ఒక్క నిమిషంలో బాగుచెయ్యాలి. అంతే నేను కోరుకున్నది.

వాళ్ళ వంతు, మంగళవారం

పొద్దున్నుంచీ గట్టు మీదే ఉన్నాను. రెల్లులంక బట్టీ పొగ నిన్న బాగానే లేచింది. ఇవాళ సన్నబడింది. మధ్యాహ్నానికి దారంలా అయింది, తర్వాత అదీ లేదు. 

సంతోషంగా ఉందని రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా ఉంది. ఆకుపచ్చ అంచు చీర తీసి మడత విప్పాను. పానాలు, ప్లగ్గు తీసే గొట్టం సంచిలో సర్దాను. వాళ్ళు నీళ్ళకి ఇబ్బంది పడకముందే వెళ్ళాలి, ఎప్పుడు పిలుస్తారా అని రేవు వైపే చూస్తున్నాను.

వాళ్ళ వంతు, బుధవారం

బుల్లియ్య వచ్చాడు. పంటు ఆపకముందే నేను సంచి పట్టుకుని నీళ్ళ అంచుకి దిగాను.

"సంచెందుకండి," అన్నాడు. వాడి చొక్కా మీద రక్తం ఎండి ఉంది. "మిషను సంగతి కాదు. దొరబాబు చెయ్యి నలిగింది."

బట్టీ పక్కింటి వాళ్ళకి అప్పజెప్పి పంటెక్కాను. దార్లో చెప్పాడు. నిన్న ఇంజను ఆగుతూ లేస్తూ విసిగించిందట. నడుస్తుండగా ఒక లావు కొమ్మ సగం మింగి ఆగిపోయింది. చక్రం కొమ్మని కరుచుకుని బిగిసి ఉంది. సువార్త ప్లగ్గు తీగ పీకేసింది, అది సరైన పనే. దొరబాబు కింది కంత లోంచి చెయ్యి పెట్టి ఇరుక్కున్న పీచు లాగుతున్నాడు. ఈ పక్క గరాటులోంచి బుల్లియ్య కొమ్మని వెనక్కి లాగబోతూ, చెయ్యి తియ్యమని కేకేశాడు.

"అలవాటు చొప్పున అరిచానండి. ఆయనకి వినపడదని ఆ క్షణం గుర్తు రాలేదు. కొమ్మ ఊడగానే బిగిసిన చక్రం విసురుగా తిరిగింది. కత్తి కింద రెండు వేళ్ళు పడ్డాయి."

"వినపడకపోవడమేంటి?" అన్నాను.

బుల్లియ్య తెడ్డు ఆపి నా వైపు చూశాడు. "మీకు తెలీదా?" అన్నాడు. తర్వాత రేవు దాకా గబగబా తెడ్డు వేశాడు.

వాళ్ళ వంతు, గురువారం, రెల్లులంకలో

దొరబాబు మందు మత్తులో నిద్రపోతున్నాడు. కుడిచేతి నడిమి వేలూ, ఉంగరపు వేలూ పైకణుపు దాకా పోయాయి. గుడ్డ కట్టు మీద ఇంకా చెమ్మ ఎర్రగానే ఉంది.

నిన్న నేను వచ్చేసరికి పాకలో ఆయన పక్కన ఒక మనిషి నా వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది. తడిగుడ్డతో ఆయన నుదురు తుడుస్తోంది. ఆ చెయ్యి ఆయన నుదుటి మీద ఉండటం చూసి, ఆ స్థితిలో కూడా నాకు మండింది.

"లెండి, నేనొచ్చాను," అన్నాను.

కదల్లేదు. మళ్ళీ అన్నాను. బుల్లియ్య వెళ్ళి భుజం తట్టాడు. తిరిగింది. నా వయసే ఉంటుంది. అందంగానే ఉంది, ఆ సంగతి ఇక్కడ రాయకపోతే అబద్ధమవుతుంది.

"ఎదురుగా నిలబడి చెప్పండి," అంది. గొంతు ఎత్తుపల్లాలు లేకుండా గట్టిగా ఉంది. "పెదాలు చూస్తే గాని నాకు తెలీదు. మా పాత చిప్పరు నా చెవులు తినేసింది. మీ ఆయనవీ ఇంచుమించు అయిపోయాయి."

"నాకు చెప్పలేదు."

"ఎలా చెప్తాడు? వినపడకపోతే మిషను దగ్గరికి రానివ్వనని మీదే కదంట రూలు. ఈ పని పోతే ఉప్పు మడుల్లోకి పొమ్మంటారని భయం. ఇంట్లో మీరేం అడిగినా ఊకొడతాడంట. ఒక్కోసారి ఊహించి జవాబు చెప్తే అది తప్పయి, మీకు కోపం వస్తుందంట."

శుక్రవారం పులుసు గుర్తొచ్చింది. ఆయన బాగుందన్నది నా వంటని. ఆ తర్వాత నేను గోదారి వైపు తిరిగి చెప్పుకున్నదంతా గోదారే వింది.

ఇంజనులో ఎక్కడో ఒక బోల్టు వదులైతే పొయ్యి దగ్గర కూర్చుని పట్టేస్తానని నాకు పేరు. ఒకే కప్పు కింద మనిషికి చెవులు పోతుంటే నేను పట్టుకోలేదు. సువార్త పట్టుకుంది. ఆవిడకి అదెలా ఉంటుందో తెలుసు. మొదటి వారమే ఆయన ముఖం చూసి కనిపెట్టి, చెవులు పోయాక తనూ తన అక్కా కల్పించుకున్న చేతి మాటలు ఆయనకి నేర్పడం మొదలుపెట్టిందట. వేళ్ళతో దరువు అనుకున్నాను, అవి మాటలు. ఇక్కడ వారమంతా కబుర్లు చెప్పేవాడట. కథలు చెప్పేవాడట. పెళ్ళయిన కొత్తలో నాకు కబుర్లు చెప్పిన మనిషే.

సాయంత్రం సువార్త నన్ను చిప్పరు దగ్గరికి తీసుకెళ్ళింది. పేళ్ళ మీద ఇంకా రక్తపు మరకలున్నాయి. పెట్రోలు మూత నా చేతిలో పెట్టి, పక్కన చిన్న ముక్కేదో పెట్టింది. 

"నిన్న పొద్దున దొరికింది. మా లంకలో తేనెటీగల్లేవు. మైనం ఎక్కడిదండి?"

తప్పించుకోవచ్చు. పంటులో ఎక్కడో అంటుకుందనొచ్చు. ఆవిడ నా పెదాలు చూస్తోంది. అంత శ్రద్ధగా చూస్తున్న మనిషితో అబద్ధం ఆడటం నాకు చేతకాలేదు.

"నేనే పెట్టాను."

"ఎందుకు?"

"మిమ్మల్ని ఓర్వలేక."

మూత నా చేతిలోంచి తీసుకుని ట్యాంకుకి బిగించింది. ముఖం పాలిపోయింది. "కోపం వస్తే నా గొంతు ఎంత పైకి పోతుందో నాకు తెలీదు," అంది చివరికి. "అందుకని ఇప్పుడేమీ అనను." నన్ను అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

వాళ్ళ వంతు, శనివారం, రెల్లులంకలో

నిన్నంతా సువార్త నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది. ఇవాళ పొద్దున్న నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఆయనకి నేను చెప్పను. మీరు చెప్పాలి," అంది. "అరిచి చెప్పేది కాదు, లంకంతా వింటుంది. పెదాలు చదవడం ఆయనకింకా రాలేదు. చేతుల్తో చెప్పండి. నేర్పుతాను."

నేర్చుకున్నాను. నాకు ఆవిడ దగ్గర నేర్చుకోవాల్సి రావడమే ఒక శిక్ష. ఎడమ అరచేతి మీద కుడిచేత్తో తిప్పితే మూత. బొటనవేలు అదిమితే మూసెయ్యడం. వేలు చెవిలో పెట్టుకుంటే మైనం. నన్ను నేను ఎలా చూపించుకోవాలని అడిగాను. ఆవిడ లేచి, కొంగు నడుముకి దోపుకున్నట్టు చేసింది. 

"ఇదేమిటి?"

"మీ పేరు. తాడు లాగే ముందు మీరిలా దోపుకుంటారంటగా. మొదటి వారంలోనే ఆయన పెట్టిన గుర్తు. రోజుకి ఎన్నిసార్లు వాడతాడో."

నేను తల తిప్పుకున్నాను. ఆవిడ నన్ను తిప్పుకోనివ్వలేదు. గడ్డం పట్టుకుని తన వైపు తిప్పి, "ఇంకా ఏం మాట కావాలి?" అంది.

"ఓర్వలేకపోవడం."

సువార్త ఆలోచించింది. "అది మాకెప్పుడూ అవసరం పడలేదు," అంది. చివరికి ఇద్దరం కలిసి ఒకటి కల్పించాం. పిడికిలి కడుపు మీద ఆనించి మెల్లగా తిప్పడం.

మధ్యాహ్నం దొరబాబు లేచి గోడకానుకుని కూర్చున్నాక ఎదురుగా కూర్చున్నాను. నా చేతులు లేవడం చూసి ఆయన కళ్ళు వెలిగాయి. నేను కూడా నేర్చుకున్నానని సంబరపడ్డాడు. ఆ సంబరం ముందు చెప్పాను. కొంగు దోపుకున్నాను. మూత తిప్పాను. చెవిలో వేలు పెట్టుకున్నాను. బొటనవేలు అదిమాను. కడుపు మీద పిడికిలి తిప్పి, సువార్త వైపు చూపించాను.

ఆయన ఎడమచేత్తో ఏదో అన్నాడు. నాకు తెలియని గుర్తు. మా ఆయన మాటకి అర్థం ఆవిణ్ణి అడగాల్సొచ్చింది.

"మళ్ళీ చెప్పమంటున్నాడు," అంది సువార్త.

మళ్ళీ చెప్పాను. మొదటిసారి చేతులు వాటంతటవే ఆడాయి. రెండోసారి ప్రతి గుర్తూ బరువెక్కింది. ఆయన చివరిదాకా చూశాడు. కట్టున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నోటితో, గట్టిగా, "ఇంటికెళ్ళు," అన్నాడు.

మా వంతు, సోమవారం

చిప్పరు వచ్చింది. దొరబాబు రాలేదు.

లంక పెద్దలకి నేను చేసింది చెప్పాను. మిషను నా చేతిలోంచి తీసేస్తారనుకున్నాను. తిట్టారు, చాలాసేపు తిట్టారు. తర్వాత కార్బొరేటర్ విప్పడం ఇంకెవరికీ రాదు కాబట్టి నన్నే చూసుకోమన్నారు. అది క్షమించడం కాదు. ఇప్పుడు నేను రేవు దగ్గర కనిపిస్తే ఆడవాళ్ళు మాటలాపేస్తున్నారు.

గరాటు దగ్గర రూలు మార్చాను. కేకలు లేవు. కొమ్మ మనిషికీ ఇంజను మనిషికీ మధ్య తాడు కడతాం. ఒకసారి లాగితే ఆపమని, రెండుసార్లు లాగితే చెయ్యి తియ్యమని. ఇద్దరూ చెవుల్లో మైనం పెట్టుకోవాలి. ప్లగ్గు తీగ పీకినా సరే, ఇరుక్కున్న కొమ్మని కర్రతోనే తొయ్యాలి, చెయ్యి లోపలికి పోకూడదు. రెల్లులంకకి మైనం ఉండలు డబ్బా నిండా పంపాను. ఇన్నాళ్ళూ ఆవిడ చెవుల సంగతి నాకు ఆలోచనే రాలేదు.

మిషను బాగా నడుస్తోంది. మూత కన్నం శుభ్రంగా ఉంది. రోజూ చూస్తున్నాను.

ఆయన అక్కడే ఉన్నాడు. ఇప్పుడు ఎవరు నుదురు తుడుస్తున్నారో నాకు తెలుసు. తప్పు నాదే అని తెలిసినంత మాత్రాన మంట చల్లారదు. ఇంకా ఎక్కువైంది.

వాళ్ళ వంతు, శుక్రవారం

దొరబాబు వచ్చాడు. ముందు కబురేమీ లేదు. పేళ్ళు ఎండబోస్తుంటే ఎదురుగా నీడ పడింది, తలెత్తితే ఉన్నాడు. కట్టు విప్పేశారు. రెండు వేళ్ళూ మొండిగా, కొసలు గులాబీరంగులో నిగనిగలాడుతున్నాయి.

చాప తెచ్చి వేశాను. ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన చేతులెత్తాడు. నాకు వచ్చినవి కొన్నే మాటలు. దానికి తోడు ఆ మొండి వేళ్ళతో ఆయన మాటకి నత్తి పడింది. నీళ్ళు అంటే ఎండ అన్నట్టు కనిపిస్తోంది, రేపు అంటే వద్దు అన్నట్టు కనిపిస్తోంది. నేను తప్పుగా చదివితే ఆయన తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదలుపెడతాడు. నేను తిన్నది ఆయన వేళ్ళని మాత్రమే కాదు. కొన్ని మాటల్ని కూడా.

కోపం అన్నది అర్థమైంది. ఇంకా ఉంది అన్నదీ అర్థమైంది. తర్వాత ఒకటి అన్నాడు. అర్థం కాలేదు. ఆ రెండు వేళ్ళూ అరచేతిలోకి మడవాలట, మడవడానికి అక్కడ వేళ్ళు చాలవు. మళ్ళీ చేశాడు. వెళ్ళిపోతానంటున్నావా అని అడిగాను. కాదన్నాడు. ఇంకోసారి చేశాడు. చెమట పట్టింది ఆయనకి. నా కళ్ళ వెంట నీళ్ళొస్తున్నాయి, సరిగ్గా కనపడటంలేదు.

అప్పుడు చెయ్యి కిందకి దించి, నా మణికట్టు దొరకబుచ్చుకుని, మొండి వేళ్ళు రెండూ నాడి మీద అదిమిపెట్టాడు. తీయలేదు. అలాగే ఉంచాడు.

"ఉంటావా?" అన్నాను పెదాలు కదిపి. ఆ ఒక్క మాట నా పెదాల మీద చదివాడు.

మళ్ళీ అదిమాడు.

వాళ్ళ వంతు, సోమవారం, రెల్లులంకలో

బట్టీ పక్కింటి వాళ్ళకి అప్పగించి, ఈసారి మిషనుతోపాటు నేనూ వచ్చాను. ఆయన ఇక్కడ పనిచేసే వారాల్లో ఒక రోజు నేను వచ్చి, సువార్త దగ్గర మాటలు నేర్చుకుని, సాయంత్రం పంటుకి తిరిగెళ్ళేలా ఒప్పందం. ఆవిడే అడిగింది. నన్ను క్షమించిందని కాదు, ఆయనతో మాట్లాడే మనిషి ఇంట్లో ఉండాలంది.

పొద్దున్న ఇద్దరం కలిసి కత్తులు బిగించాం. ఆవిడ ఇంజను మీద చెయ్యి ఆనించింది, నేను చెవి వేశాను. బెల్టు కప్పీలో సన్నని కీచు నేను పట్టుకున్నాను, బేరింగు వదులు ఆవిడ పట్టుకుంది. ఒకరి మీద ఒకరం గెలవాలని చూస్తున్నామని ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక దొరబాబుని అడిగాను, సాయంత్రం నాతో వస్తావా, పనుండి ఇక్కడే ఉంటావా అని. ఆయన నా మణికట్టు పట్టుకుని వేళ్ళు అదిమాడు.

సువార్త చూసింది. చేతిలో గిన్నె ఆగిపోయింది. 

"అదేంటి?" అంది. "నాకు తెలీదే ఆ గుర్తు."

ఆవిడ ముఖంలోకి ఏదో వచ్చింది. కళ్ళు మా చేతుల మీంచి కదలట్లేదు. ఆ చూపు నాకు కొత్త కాదు. ఎన్నో వారాలు రేవు గట్టు మీద నిలబడి నేను అవతలి ఒడ్డు వైపు చూసిన చూపు అదే. 

చెప్పకూడదనిపించింది. ఇది నాది. ఆవిడ నేర్పనిది, ఆవిడకి తెలియనిది నా దగ్గర ఇదొక్కటే ఉంది. గిన్నెలు తీస్తున్నట్టు నటించి లేచాను. గిన్నెలు కడిగాను. పొయ్యి దగ్గర బూడిద ఊడ్చాను. ఆవిడ ఇంకా అలాగే కూర్చుని ఉంది, అడిగిన ప్రశ్న అడిగినట్టే ముఖం మీద ఉంచుకుని.

చేతులు తుడుచుకుని వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ కుడి మణికట్టు పట్టుకున్నాను. నా నడిమి వేలూ ఉంగరపు వేలూ మడిచి, ఆ కణుపుల్ని ఆవిడ నాడి మీద అదిమాను.

"ఉంటాను," అన్నాను, పెదాలు బాగా కనిపించేలా. "ఉంటాను అని దీనికి అర్థం."

ఆవిడ ఆ గుర్తుని తన మణికట్టు మీద తనే ఒకసారి చేసి చూసుకుంది. తర్వాత నా మణికట్టు అడిగి తీసుకుని, సరిగ్గా వచ్చిందా అన్నట్టు నా కళ్ళలోకి చూస్తూ అదిమింది.

"ఇంకాస్త గట్టిగా," అన్నాను.